శిలాజ సంపద - స్థానిక ప్రదర్శనశాలల ఆవశ్యకత

తెలుగువారి దేవతార్చన పెట్టెలలో సాలగ్రామములుండుట సామాన్యము. నేపాళమున కాళీగండకీ నదీగర్భమునుండి లభించు ఈ నల్లని శిలలలో పెక్కింటియందు కానవచ్చు చక్రములు, ‘అమ్మొనైటు’లనబడు సముద్రజీవుల కర్పరములు విడిచిన ముద్రలని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. నేడు హిమాలయములున్న తావున కోట్లకొలది సంవత్సరములకు పూర్వము సముద్రముండెననుటకు ఆ చిన్ని శిల సాక్ష్యము. భక్తునకది విష్ణుస్వరూపము, శాస్త్రజ్ఞునకది శిలాజము. ఒకరి దృష్టి వేరొకరి దృష్టికి అడ్డు రానక్కరలేదు. అయితే ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. సాలగ్రామము తరతరములుగా చేతులు మారినను, వేయి క్రోసులు ప్రయాణము చేసినను, దాని పుట్టినచోటు గండకి యను సంగతిని ఎవరును మరువలేదు. తెలుగు నేలలోనే దొరకిన శిలాజముల విషయమున మాత్రము ఈపాటి ఎరుక తెలుగువారిలో నిలువలేదు.

ప్రాణుల అస్థులు, దంతములు, కర్పరములు, ఆకులు, మ్రాకులు మట్టిలో పూడి, అందలి పదార్థము క్రమముగా ఖనిజములచే మార్పుచెంది రాయియైనచో దానిని శిలాజమందురు. కాలిముద్రలు, సూక్ష్మజీవుల పొరలు సైతము శిలాజములే. అన్ని రాళ్ళును వీనిని దాచుకొనలేవు. బెంగుళూరు లాల్‌బాగులో కెంపేగౌడ గోపురమున్న బండ సుమారు 300 కోట్ల సంవత్సరముల నాటిది. భారతీయ భూగర్భ పరిశోధన సంస్థ దానిని జాతీయ భూగర్భ స్మారకముగా ప్రకటించినది. కాని భూమి లోతులలోని వేడికి ఒత్తిడికి లోనై రూపుదాల్చిన ఆ శిలలో జీవచిహ్నములను వెదకుట వ్యర్థము. ఈ నగరమునుండి ఈశాన్యముగా కడప సీమకు పోయినయెడల పరిస్థితి మారును. వేంపల్లె పేరిట శాస్త్రగ్రంథములకెక్కిన డోలమైటు శిలలలో, ఉల్లిపొరలవలె ఒకదానిపై ఒకటిగా పేరుకొనిన రేఖలు కానవచ్చును. అవి రమారమి రెండు వందల కోట్ల సంవత్సరములకు పూర్వము లోతులేని సముద్రజలములలో సూక్ష్మజీవులు కట్టిన గూళ్ళు. వీనిని ‘స్ట్రొమటోలైటులు’ అందురు. బెంగుళూరులోని వంటయిండ్లలో కడప బండపై చేయి మోపని తెలుగు గృహిణి అరుదు. ఆ బండలు వచ్చిన సీమకు ఇట్టి చరిత్ర కలదని ఎరిగినవారు ఇంకను అరుదు.

తెలుగు ప్రాంతములలో శిలాజ సంపదకు పుట్టినిల్లని చెప్పదగినది ప్రాణహితా గోదావరీ లోయ. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోను, నదికి ఆవలియొడ్డున తెలుగు మాటలాడువారు పెక్కురు గల సిరొంచ ప్రాంతములోను, ఎర్రమట్టి పొరలు, సున్నపురాతి పొరలు విరివిగా బయటపడియున్నవి. నాగపురమున క్రైస్తవ మతబోధకుడుగానుండిన స్టీఫెన్ హిస్లాపు 19వ శతాబ్ది మధ్యకాలమున ఆసిఫాబాదు సమీపమందలి మలేరి గ్రామమునుండి శిలాజములను సేకరించెను. ఆయన గోండుల భాషను, ఐతిహ్యములను గూడ శ్రద్ధతో వ్రాసిపెట్టినవాడు. 1863లో నదిని దాటుచు నీట మునిగి మరణించెను. మలేరిలో దొరకిన కొన్ని విచిత్ర దంతములను థామస్ ఓల్డ్‌హామ్ 1859లో పరిశీలించి, అవి ‘సెరటోడస్’ అను మత్స్యజాతివని ప్రకటించెను. అప్పటికి ఆ వంశమంతయు నశించినదనియే శాస్త్రలోకము తలచుచుండెను. పదునొకండు సంవత్సరముల తరువాత, 1870లో, ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు నదులలో దాని దగ్గరి చుట్టము, ఊపిరితిత్తితో గాలి పీల్చగల చేప, సజీవముగానే ఉన్నదని శాస్త్రజ్ఞులకు తెలిసెను. బ్రతికియున్న చేపకంటె ముందుగా దాని పూర్వుల పండ్లు ఒక తెలుగు పల్లెనుండి శాస్త్రజ్ఞులను చేరుట వినోదకరమైన సంగతియే.

మలేరి పొరలు సుమారు 22 కోట్ల సంవత్సరముల నాటివి. చిలుక ముక్కువంటి మూతి గల ‘హైపెరోడపెడాన్’ అను సరీసృపమును ఆ పొరలనుండి లిడెక్కరు 1885లో వర్ణించెను. అదే జాతికి చెందిన జంతువు స్కాట్లండులోని ఎల్గిన్ వద్ద అంతకుముందే దొరకియుండెను. దక్షిణ అమెరికాలోను, ఆఫ్రికాలోను పిమ్మట దొరకినది. నేడు మహాసముద్రములు వేరుచేసిన ఈ దేశములు ఒకప్పుడు కలిసియుండెననుటకు మలేరి ఎర్రమట్టిలోని ఎముకలు ఒక ఆధారము.

ఇక రాక్షసబల్లుల మాట. ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానముపై లండను విశ్వవిద్యాలయమునుండి వచ్చిన పమేలా రాబిన్సన్ సహాయముతో, కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో భూగర్భశాస్త్ర శాఖ రూపొందెను. ఆ శాఖకు చెందిన పరిశోధకులు 1958-61 సంవత్సరముల మధ్య ఈ లోయలోని పోచంపల్లి సమీపమున దాదాపు 300 అస్థులను త్రవ్వి తీసిరి. (ఇది భూదానోద్యమమునకు, పట్టుచీరలకు పేరెన్నికగన్న పోచంపల్లి కాదు.) ఆరు జంతువులకు తక్కువ కాని ఒక మందకు చెందిన అస్థులవి. ఒక్క తొడయెముకయే 1.7 మీటర్ల పొడవు. ‘బడా పా’, అనగా పెద్ద కాలు, అను వంగభాషా పదములనుండియు, 1961లో శతజయంతి జరుపుకొనిన రవీంద్రనాథ ఠాకూరు పేరునుండియు కల్పించి, 1975లో ఆ జంతువునకు ‘బరపాసారస్ టాగోరై’ అని నామకరణము చేసిరి. దాని అస్థిపంజరము ఆ సంస్థ ప్రదర్శనశాలలో నిలిపియున్నది. పెద్ద పెద్ద మ్రాకులతో కలిసి అస్థులు దొరకుటను బట్టి, ఆ మంద ఒక వఱదలో కొట్టుకొనిపోయి మరణించియుండునని పిమ్మట 2010లో ప్రకటింపబడిన పరిశీలన సూచించినది.

అచ్చటికి ఉత్తరముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, ఆదిలాబాదు జిల్లా యామనపల్లి వద్ద, 1970 దశకపు చివరిలో భారతీయ భూగర్భ పరిశోధన సంస్థవారు మరియొక నిధిని కనుగొనిరి. 2,400 చదరపు మీటర్ల నేలలో 840 అస్థిభాగములు లభించెను. అవి పండ్రెండు జంతువులకు తక్కువ కానివి. పి. యాదగిరి 1988లో దీనికి ‘కోటాసారస్ యామనపల్లియెన్సిస్’ అని పేరిడెను. ప్రాణహిత యొడ్డునగల కోట గ్రామము పేరిట ఆ శిలాశ్రేణిని వ్యవహరించుటచే కోటాసారస్ అయినది; దొరకిన ఊరు యామనపల్లి. సుమారు తొమ్మిది మీటర్ల పొడవుగల ఈ శాకాహారి అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో 2000 సంవత్సరమునుండి ప్రజల దర్శనార్థము ఉంచబడినది.

ఇట్లు తెలుగు పల్లెల పేర్లు లాటిను వ్యాకరణపు తొడుగులు వేసికొని ప్రపంచ శాస్త్రగ్రంథములకెక్కుట నేటికిని సాగుచునే ఉన్నది. 2011లో నంబాల గ్రామము పేరిట ‘నంబాలియా’, జాక్లపల్లి పేరిట ‘జాక్లపల్లిసారస్’ అను జంతువులు ప్రకటింపబడినవి. 2025లో ‘మలేరిరాప్టర్’ వచ్చినది. బ్యూనస్ ఎయిర్సులోని విద్యార్థి ఈ పేర్లను చదువుచున్నాడు. యామనపల్లి బాలుడు తన ఊరి జంతువును కన్నులార చూడవలెనన్న సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణము చేయవలెను.

అస్థులను కలకత్తాకు, హైదరాబాదుకు తరలించుట తప్పని దీని అర్థము కాదు. రాతినుండి ఎముకను విడదీయుట నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టు పని. బీటలువారిన అస్థికి జిగురు పట్టించి, గోనెపట్టలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో తడిపి కట్టుకట్టి, విరుగకుండ మోసికొనిపోయి, పరిశోధనాలయమున సూదుల వంటి పనిముట్లతో రాతిని తొలగింపవలెను. కొత్త జాతికి ఆధారమైన మూలనమూనా ఏ దేశపు పండితుడు వచ్చినను చూడగలిగిన స్థిరమైన సంస్థలో నుండుట శాస్త్రనియమము. పల్లెలోనే ఉంచియుండినచో ఆ 840 భాగములలో ఎన్ని మిగిలియుండెడివో చెప్పుట కష్టము. లోపమెచ్చటనున్నదనగా, ఎముకలు పోయిన తరువాత ఆ స్థానములో పల్లెకు మారుగా మరేమియు చేరలేదు. అచ్చటి నేల ఇంకను ఎముకలను కనుచునే ఉన్నది. ప్రతి వర్షాకాలమును కొంత మట్టిని కడిగివేసి కొత్త అస్థులను పైకి తెచ్చును. ఎండకు, వానకు, పశువుల కాళ్ళకు ఆ అస్థి కొన్ని ఋతువులలోనే పొడియైపోవును. శాస్త్రజ్ఞుడు అచ్చటికి ఏడాదికొకసారి వచ్చునేమో. పశువుల కాపరి ప్రతిదినమును వచ్చును. ఆ కాపరికి అది ఎముక యని తెలిసినగాని దానికి రక్షణ లేదు.

చట్టము చేయు రక్షణయు స్వల్పము. 1972 నాటి పురావస్తు చట్టము ప్రధానముగా మానవకృతములైన వస్తువులను దృష్టియందుంచుకొని చేయబడినది. శిలాజములకు, భూగర్భ విశేషములకు ప్రత్యేకముగ చట్టము కావలెనని కేంద్ర గనుల మంత్రిత్వశాఖ 2022లో ఒక ముసాయిదాను ప్రకటించినది. చట్టము వచ్చినను, దొరకిన దానిని చూపుటకు ఒక చోటు, ఒక మనిషి ఊరిలో లేనిచో కాగితముపై రక్షణ నేలపైకి దిగిరాదు.

శిలాజమునకు మరియొక ధర్మము కలదు. ఏ ఊరిలో, ఏ పొరలో, ఏ లోతున, వేటితో కలిసి దొరకినదో తెలియని శిలాజము చిరునామా చిరిగిన ఉత్తరము వంటిది. బరపాసారస్ మంద వఱదలో పోయినదను ఊహ ఎముకలవలన కలిగినది కాదు. ఎముకల ప్రక్కన మ్రాకులు పడియున్న తీరు వలన కలిగినది. వినోదమునకై రాయిని ఏరి ఇంటికి తెచ్చుకొనువాడు ఎముకను తెచ్చి వార్తను అచ్చటనే విడిచివచ్చుచున్నాడు.

స్థానిక ప్రదర్శనశాలలను గూర్చిన ఆలోచన దక్షిణదేశమునకు కొత్తది కాదు. బెంగుళూరు వాసులకు చిరపరిచితమైన కస్తూరిబా మార్గమందలి ప్రభుత్వ మ్యూజియము 1865లో ఎడ్వర్డు బాల్ఫోర్ అను వైద్యుని పూనికతో ఏర్పడినది. అంతకు పూర్వము, 1851లో, మద్రాసు మ్యూజియమునకు మొదటి అధికారిగానుండినవాడును ఆయనయే. రాజధానిలో ఒక్క గొప్ప శాల యున్నచాలదని తలచి, 1850 దశకమున ఆయన ప్రేరణచే రాజమహేంద్రవరము, బళ్లారి, కడలూరు, కోయంబత్తూరు, మంగళూరు, ఉదకమండలములలో చిన్న ప్రదర్శనశాలలు నెలకొల్పబడెను. కాని అవి కొలది సంవత్సరములలోనే మూతపడినవి. దూరముననున్న ఒక అధికారి ఉత్సాహముపైన, ఏటేట మంజూరు కావలసిన ద్రవ్యముపైన ఆధారపడిన సంస్థలకు ఇట్టి గతి పట్టుట ఆశ్చర్యము కాదు. రాజమహేంద్రవరము ఆ జాబితాలోనుండుట గమనింపదగినది, ఏలయన ఆ పట్టణపు పరిసరములు శిలాజములకు నెలవు. కాతేరు వద్దను, గోదావరికి పడమట దుద్దుకూరు, గౌరీపట్నము ప్రాంతములందును, నల్లని లావా పొరల నడుమ సున్నపురాతి పొరలలో గుల్లలు, కంటికానని సూక్ష్మ సముద్రజీవుల అవశేషములు కలవు. రాక్షసబల్లులు నశించిన కాలమునకును, దక్కను లావా ప్రవాహములకును గల సంబంధమును నిర్ణయించుటకు గెర్టా కెల్లర్ ప్రభృతులు 2008లో ప్రకటించిన పరిశోధనకు ఈ రాతిక్వారీలే ఆధారము. క్వారీ త్రవ్వినందుననే ఆ పొరలు బయటపడినవి. క్వారీ త్రవ్వుటచేతనే అవి కంకరయై పోవుచున్నవి. క్వారీ యజమానితో, కూలీతో పరిచయముండి, ఒక గోడను విడిచిపెట్టుమని అడుగగలవారు ఊరివారే.

బెంగుళూరుతో సంబంధము గల మరియొక మహనీయుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్. 1894లో మైసూరు భూగర్భశాఖ ఏర్పడినపుడు దానికి తొలి అధిపతి ఆయనయే. పది సంవత్సరములకు పూర్వము ఆయన కర్నూలు సీమలో, నేటి నంద్యాల జిల్లాలోని బేతంచర్ల సమీపమున గల బిళ్ళసర్గము గుహలను త్రవ్వించియుండెను. ఆ గుహలను 1844లో న్యూబోల్డు లోకమునకెరిగించెను; వానిని శోధింపవలెనని ఇంగ్లండునుండి ప్రేరేపించినవాడు హక్సిలీ. ఫూట్, ఆయన కుమారుడు హెన్రీ ఫూట్ 1884-85లలో తీసిన అస్థులను లిడెక్కరు 1886లో వర్ణించెను. అందొక ఖడ్గమృగమునకు, ఒక అడవిపందికి కర్నూలు పేరిటనే ‘కర్నూలియెన్సిస్’ అని నామములిడిరి. నేడు నాపరాళ్ళకు ప్రసిద్ధిగన్న ఆ సీమలో ఒకప్పుడు ఖడ్గమృగములు తిరిగెనని, బేతంచర్లనుండి బెంగుళూరుకు వచ్చి స్థిరపడినవారిలో ఎందరెరుగుదురు? ఫూట్ ప్రాచీన మానవుల పనిముట్లను గూడ జీవితమంతయు సేకరించెను. ఆ సంచయమును 1904లో మద్రాసు మ్యూజియము కొనినది. తరువాత 1970 దశకమున ఎం. ఎల్. కె. మూర్తి ఆ ప్రాంతమందే ముచ్చట్ల చింతమాను గవిలో త్రవ్వకములు జరిపి ఆదిమానవుని నిప్పుగూటిని కనుగొనిరి. ఇంతటి చరిత్రగల గుహల ప్రక్కన ఒక గది, నాలుగు బీరువాలు, తెలుగులో వ్రాసిన వివరణ పలకలు ఉండుట అధికమైన కోరిక కాదు.

ఇతర ప్రాంతములవారి అనుభవము ఈ విషయమున ధైర్యము కలిగించును. తమిళనాడు సాతనూరు గ్రామమున 18 మీటర్ల పొడవుగల శిలీభూత వృక్షమును ఎం. ఎస్. కృష్ణన్ 1940లో గుర్తించెను. ఆ మ్రాను ఉన్నచోటనే కంచెలోపల రక్షింపబడుచున్నది. హిమాచల ప్రదేశమున సాకేతి వద్ద 1974లో శిలాజవనము వెలసెను. గుజరాతులోని రాయోలి కథ మరింత బోధప్రదము. అచ్చట 1981లో రాక్షసబల్లుల అస్థులు, గ్రుడ్లు బయటపడెను. చాలకాలము వానిని ఎత్తుకొనిపోయినవారు ఎత్తుకొనిపోయిరి; ఒక వృద్ధురాలు శిలీభూతమైన గ్రుడ్డుతో మసాలా నూరుకొనుచుండినదట. బాలాసినోరు రాజకుటుంబమునకు చెందిన ఆలియా సుల్తానా బాబీ పట్టుదలతో ఆ స్థలమును కాపాడుటకు, వచ్చినవారికి వివరించుటకు పూనుకొనిరి. అచ్చటి అస్థులనుండి వర్ణింపబడిన ‘రాజాసారస్’ 2003లో ప్రసిద్ధి చెందెను. 2019లో ఆ గ్రామమునందే ప్రదర్శనశాల తెరువబడెను. ప్రాణహితకు ఆవల మహారాష్ట్ర అటవీశాఖవారు సిరొంచ తాలూకా వడధాం వద్ద శిలాజవనమును ఏర్పరచుట ఈ లోయకే చెందిన శుభారంభము.

విదేశములలో చైనాలోని జిగాంగ్ ప్రదర్శనశాల ప్రత్యేకముగ పేర్కొనదగినది. 1987లో తెరువబడిన ఆ భవనమును ఎముకలు దొరకిన గోతిపైననే కట్టిరి. ప్రేక్షకుడు క్రిందికి వంగి చూచినచో, అస్థులు పడిన తీరుననే రాతిలో నిలిచియుండును. ఇంగ్లండులోని లైమ్ రీజిస్ పట్టణమున, శిలాజములమ్ముకొని జీవించిన వడ్రంగి కూతురు మేరీ ఆనింగ్ ఇల్లుండిన స్థలమునందే ఆ ఊరి ప్రదర్శనశాల ఉన్నది. ఒకటి ప్రభుత్వ ధనముతో కట్టిన మహాభవనము, వేరొకటి చిన్న ఊరివారి శాల. యామనపల్లికి అనుకరణీయమైనది రెండవది.

చిన్న శాలలకు ధనము, భద్రత, నిపుణులు ఎచ్చటినుండి వత్తురని సందేహించుట సహజము. బాల్ఫోర్ శాలల గతి తెలిసినవారికి ఈ సందేహము మరింత బలపడును. ఇందుకు సమాధానము కొంతవరకు ‘అచ్చు’లలో ఉన్నది. మూలనమూనా పెద్ద సంస్థలోనే ఉండి, దాని అచ్చును ప్లాస్టరుతోనో ఫైబరుగ్లాసుతోనో పోసి గ్రామమున ఉంచవచ్చును. పెద్ద ప్రదర్శనశాలలు సైతము అచ్చులనే నిలుపుట లోకాచారము; 1.7 మీటర్ల తొడయెముక అచ్చు ప్రక్కన నిలబడిన పిల్లవానికి అది అచ్చు యను వెలితి తోచదు. దొంగకు దానితో పనిలేదు. ఊరిలో కొత్తగా దొరకిన చిన్న వస్తువులను, విరిగిన ముక్కలను, మ్రాకు శిలలను మాత్రము అసలువే ఉంచవచ్చును.

అచ్చులకంటె ముఖ్యమైనది దాఖలా పుస్తకము. దొరకిన తేది, చూపినవాని పేరు, పొలము లేక వాగు పేరు, పొర రంగు, ప్రక్కన మరేమి యుండెను, ఎవరు కదల్చిరి, ఎచ్చటికి పంపిరి అను విషయములను అందు వ్రాయవలెను. చూపినవాని పేరు వ్రాయుట మర్యాదకొరకు మాత్రమే కాదు. తన పేరు పుస్తకమున నున్నదని తెలిసిన కాపరి రెండవ ఎముకను తానే వచ్చి చూపును. త్రవ్వుట మాత్రము ఊరివారు చేయరాదు. చూచినచోటనే గుర్తుంచి, పైన మట్టి కప్పి, నిపుణులకు కబురంపుట వారి పని. ఆ శాలలోని పలకలు తెలుగులో నుండవలెను. ఆదిలాబాదు సీమలో గోండీలోను ఉండుట న్యాయము, ఆ కొండవాగుల దారులు ఎరిగినవారు గోండులే కనుక. లాటిను నామము క్రింద దాని అర్థమును, అందలి ఊరి పేరును విడదీసి చూపినచో, చదువరాని వృద్ధుడు కూడ మనుమనిచే చదివించుకొని తన ఊరిని అందులో గుర్తించును. పని చేయుటకు ఆ ఊరి ఉన్నత పాఠశాలలోని సైన్సు ఉపాధ్యాయుడు, ఒక కావలిమనిషి ఉండిన ప్రారంభమునకు చాలును. పాఠశాల గదియైనను సరిపోవును.

ప్రభుత్వమే అంతయు చేయవలెనని కూర్చుండని సంస్థలు తెలుగువారిలో లేకపోలేదు. 1922లో రాజమహేంద్రవరమున ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి సభ్యులు శాసనములను, శిల్పములను, నాణెములను ఊరూర తిరిగి సేకరించి తామే ఒక ప్రదర్శనశాలను నిలిపిరి. 1967లో రాష్ట్రప్రభుత్వము దానిని స్వీకరించెను. రాళ్ళబండి సుబ్బారావు పేరిట నేటికిని నడచుచున్నది. బాల్ఫోర్ పెట్టిన శాల అదే పట్టణమున కొద్ది కాలములో మాసిపోగా, మండలివారు పెట్టినది నలువదియైదు సంవత్సరములు సభ్యుల శ్రద్ధపై నడచి పిమ్మట ప్రభుత్వపు అండను పొందినది. మండలివారి సేకరణలో శిలాజములు ముఖ్యాంశము కావు. కాని వారు చూపిన పద్ధతి శిలాజములకును వర్తించును.

బెంగుళూరులోని తెలుగువారిలో ఇంజనీర్లు, భూగర్భశాస్త్ర పట్టభద్రులు, గనుల వ్యాపారులు, ఉపాధ్యాయులు పెక్కురు కలరు. వారిలో ఎందరికో కర్నూలు, కడప, అనంతపురము, చిత్తూరు సీమలలో స్వగ్రామములు, పొలములు, బంధువులు ఉన్నారు. ఒక సంఘము ఒక్క స్థలమును ఎన్నుకొని పనికి పూనుకొనవలెననినచో బిళ్ళసర్గము అందుకు తగినది. అచ్చటికి సంబంధించిన లిడెక్కరు వర్ణన, ఫూట్ వ్రాసిన నివేదికలు ముద్రితములై, ప్రతులు సులభముగ లభ్యమగుచున్నవి. వానిని తెలుగులోనికి తెచ్చుట, గుహల పటమును వ్రాయించుట, ఖడ్గమృగపు దంతమునకు అచ్చు పోయుటకు ఆ నమూనాలు గల సంస్థనుండి అనుమతి కోరుట, బేతంచర్ల పాఠశాలలో ఒక గదిని అడుగుట అను పనులలో మొదటి మూడును ఈ నగరమున కూర్చుండియే చేయదగినవి.